హెచ్‌ఓ ఇంజన్ ఐదో స్టెప్పు దాకా కదలదు, ఆరో స్టెప్పులో దూకుతుంది: తప్పు డీకోడర్ సెట్టింగుదా, ఛాసీదా?

గుత్తిషెడ్:

అందరికీ నమస్కారం. రెండు హెచ్‌ఓ (1:87 నిష్పత్తి) మోడల్ రైలు ఇంజన్ల విషయంలో సలహా కావాలి. పైన బాడీలు రెండూ మన రైల్వే డీజిల్ డబ్ల్యూడీఎం-3ఏవి, కింద ఉన్నవి అమెరికన్ ఆరు యాక్సిళ్ళ పాత ఛాసీలు. మధ్యలో క్యాన్ మోటారు, దానికి అటూ ఇటూ ఇత్తడి ఫ్లైవీళ్ళు, అక్కణ్నుంచి షాఫ్టుల ద్వారా రెండు బోగీల్లోని వర్మ్ గేర్లకి. 8 పిన్నుల సాకెట్ ఉంది కాబట్టి డమ్మీ ప్లగ్ తీసేసి రెండిట్లోనూ ఈఎస్‌యూ లోక్‌పైలట్ 5 డీకోడర్లు (ఆజ్ఞలు చదివి మోటారు నడిపే చిన్న బోర్డులు) పెట్టాను. పట్టాల మీద డీసీసీ (డిజిటల్ నియంత్రణ) 14.5 వోల్టులు.

ఇంజన్ ఏ: 128 స్టెప్పుల థ్రాటిల్‌లో 5 దాకా మోటారు సన్నగా కూస్తుంది, చక్రం తిరగదు. ఆరో స్టెప్పులో ఒక్కసారిగా ముందుకి దూకుతుంది. నెమ్మదిగా నడిపితే తడబడుతూ పోతుంది, 40వ స్టెప్పు దాటాక బాగానే ఉంది.

ఇంజన్ బీ: నడక మెత్తగానే ఉంది గానీ పాయింట్ల (లైను రెండుగా చీలే చోట్ల) మీద ఆగిపోతుంది. 28 స్టెప్పుల్లో నడిపితే థ్రాటిల్ తిప్పేకొద్దీ హెడ్‌లైట్ ఒక స్టెప్పుకి వెలుగుతుంది, తర్వాతి స్టెప్పుకి ఆరిపోతుంది. సీవీ29 (సీవీలంటే డీకోడర్ లోపలి సెట్టింగులు) చదివితే 4 వచ్చింది.

రెండింటినీ కలిపి గూడ్స్‌కి కడితే ఒకటి లాగుతుంది, ఒకటి ఈడుస్తుంది. ఏలో సీవీ2ని 3 నుంచి 20కి పెంచి చూస్తే దూకుడు ఇంకా ఎక్కువైంది. రెండు మోటార్ల టెర్మినల్స్ మధ్య 104 అని రాసిన గోధుమరంగు బిళ్ళ కెపాసిటర్ ఉంది, దాన్ని ముట్టుకోలేదు. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పదహారున్నర:

గుత్తిషెడ్ గారూ, ముందు సీవీ2ని మళ్ళీ 3కి తెచ్చేయండి. బ్యాక్ ఈఎంఎఫ్ (తిరిగే మోటారు తానే పుట్టించే వోల్టేజీ) కొలిచి వేగం దిద్దే డీకోడర్లో సీవీ2 అంటే మోటారుకిచ్చే తోపు కాదు, మొదటి స్టెప్పులో అందుకోవాల్సిన వేగం. దాన్ని పెంచితే ఇంజన్ కదలడం మొదలుపెట్టే వేగమే పెరుగుతుంది. మీకు దూకుడు ఎక్కువైంది అందుకే.

ఛాసీ సరిగా లేకుండా సీవీలు తిప్పడం వృథా శ్రమ. బిగుసుకున్న గేరుని డీకోడర్ దాచగలదు గానీ బాగుచేయలేదు. డమ్మీ ప్లగ్ తిరిగి పెట్టి, బాడీ తీసి, మామూలు డీసీ కంట్రోలర్ మీద, వరుసలో అమ్మీటర్ పెట్టి నడపండి. ఆ సైజు క్యాన్ మోటారు ఖాళీగా నడుస్తున్నప్పుడు 0.15 నుంచి 0.3 ఆంపియర్ తీసుకుంటే ఆరోగ్యంగా ఉన్నట్టే. 0.5 దాటిందంటే ఎక్కడో బిగుసుకుంది. ముల్లు నిలకడగా ఉందా, తాళం వేసినట్టు ఊగుతోందా అన్నదీ గమనించండి. ఊగితే తిరిగే భాగం ఏదో ఒకచోట పట్టేస్తోంది.

అది ఎక్కడో తేల్చడానికి రెండు షాఫ్టులూ ఊడదీసి మోటారుని ఒక్కదాన్నే తిప్పండి. 2 వోల్టుల దగ్గర మెత్తగా తిరిగితే మోటారు మంచిదే. తర్వాత ఒక బోగీ తగిలించి చూడండి, అది తీసి రెండోది తగిలించండి. ఏది తగిలించినప్పుడు తడబాటు వస్తే దోషం ఆ బోగీదే. దాని కింది మూత విప్పితే ఎక్కువసార్లు కనిపించేవి రెండు. ఒకటి, గట్టిపడి మైనంలా అయిన పాత గ్రీజు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో మొత్తం కడిగేసి, వర్మ్ మీద ఆవగింజంత ప్లాస్టిక్‌కి సరిపడే గ్రీజు, బేరింగులకి సూదిమొనతో ఒక్కో చుక్క పల్చటి నూనె. అంతకన్నా ఎక్కువ పెడితే నూనె చక్రాల మీదికి, అక్కణ్నుంచి పట్టాల మీదికి పాకుతుంది. రెండోది, యాక్సిల్ మీది ప్లాస్టిక్ గేరు నిలువునా చిట్లడం. యాక్సిల్‌ని బిగువుగా పట్టుకున్న ప్లాస్టిక్ ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడి మోసి చిట్లుతుంది, ఆ చీలిక దగ్గర పళ్ళ మధ్య ఎడం పెరిగి ప్రతి చుట్టుకీ ఒకసారి టక్కుమంటుంది. పట్టా మీద కొలిస్తే దొరికిపోతుంది. అమెరికన్ ఛాసీలో 40 అంగుళాల చక్రం హెచ్‌ఓలో 11.7 మి.మీ., చుట్టుకొలత దాదాపు 3.7 సెం.మీ. ప్రతి 3.7 సెం.మీ.కి ఒక కుదుపు వస్తుంటే చిట్లిన గేరే. జిగురు నిలవదు, గేరు మార్చాల్సిందే. మార్చాక చక్రాల లోపలి అంచుల మధ్య దూరం 14.4 మి.మీ. ఉందో లేదో చూసుకోండి. తగ్గితే పాయింట్ల దగ్గర చక్రం ఎక్కి దిగుతుంది.

ఆ గోధుమరంగు బిళ్ళ గురించి. 104 అంటే 100 నానోఫారడ్. డీసీ రోజుల్లో బ్రష్షుల నిప్పురవ్వలు రేడియో, టీవీలకి గరగర తెప్పించకుండా పెట్టినది. డీకోడర్ మోటారుకిచ్చే కరెంటు సెకనుకి వేలసార్లు ఆగుతూ మొదలవుతూ వచ్చే ముక్కలు. ఆ ప్రతి ముక్కలోనూ కెపాసిటర్ నిండుతూ ఖాళీ అవుతూ డీకోడర్ మీద భారం వేస్తుంది, పైగా బ్యాక్ ఈఎంఎఫ్ కొలతని చెడగొడుతుంది. రెండిట్లోనూ కత్తిరించేయండి. మోటారు తీగలకి వరుసలో చిన్న కాయిల్స్ ఉంటే అవి ఉన్నా పెద్దగా నష్టం లేదు.

డీకోడర్ తిరిగి పెట్టేముందు ఒక పరీక్ష మానకండి. డమ్మీ ప్లగ్ తీసి, సాకెట్ ఖాళీగా ఉంచి, మోటారు ఒక్కో టెర్మినల్‌కీ ఒక్కో వైపు చక్రాలకీ ఛాసీ లోహానికీ మధ్య ఓమ్స్ చూడండి. ఎక్కడా కనెక్షన్ చూపకూడదు. పాత ఛాసీల్లో మోటారు కింది బ్రష్ క్లిప్ నేరుగా ఛాసీకి తగిలి ఉంటుంది. అలాగే డీకోడర్ పెట్టి కరెంటిస్తే మోటారు అవుట్‌పుట్ ఆ క్షణమే కాలుతుంది. సాకెట్ ఉంది కదా అని నమ్మకండి, మధ్యలో ఎవరైనా మోటారు మార్చి ఉండొచ్చు.

చివరగా స్టాల్ కరెంటు. 12 వోల్టుల డీసీ మీద ఫ్లైవీల్‌ని వేళ్ళతో ఒకటి రెండు సెకన్లు ఆపి పట్టుకుని అమ్మీటర్ చూడండి. మీ డీకోడర్ మోటారు పరిమితి 1.5 ఆంపియర్. అంతకు మించితే మోటారు మార్చండి. పాత మోటార్లలో అయస్కాంతం బలహీనపడితే పెరిగేది మామూలుగా నడిచేటప్పటి కరెంటు, స్టాల్ కరెంటు తీగచుట్ట నిరోధాన్ని బట్టి ఉంటుంది.

బీ లైటు సంగతి తేలిక. సీవీ29లో 4 అంటే డీకోడర్ 14 స్టెప్పుల పద్ధతిలో ఉంది, మీ థ్రాటిల్ 28 పంపుతోంది. 28లో సగం స్టెప్పు చెప్పడానికి వాడే బిట్‌నే 14లో హెడ్‌లైట్‌కి వాడతారు, అందుకే స్టెప్పు విడిచి స్టెప్పు వెలుగుతోంది. 2 కలిపి 6 రాయండి, పోతుంది.

ఫ్లక్స్‌లైన్:

పదహారున్నర గారు చెప్పిన వరుసే సరైనది. గేర్ల పని అయ్యాక డీకోడర్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే సీవీలు గుడ్డిగా తిప్పే అవసరం ఉండదు, కాబట్టి ఆ భాగం నేను రాస్తాను.

డీసీలో వేగం పట్టాల మీదే ఉంటుంది. 3 వోల్టులిస్తే నెమ్మది, 12 ఇస్తే జోరు. డీసీసీలో పట్టాల మీద ఎప్పుడూ పూర్తి వోల్టేజే, దాని దిశ మారుతూ ఉంటుంది, ఆ మారడంలోనే ఆజ్ఞ ఉంటుంది. ఒక్కో సగం 58 మైక్రోసెకన్లుంటే అది ఒకటి, 100 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే సున్నా. డీకోడర్ తన అడ్రస్‌కి వచ్చిన ఆజ్ఞ చదువుకుని, పట్టాల కరెంటుని తన దగ్గర డీసీగా మార్చుకుని, మోటారుకి ముక్కలుగా ఇస్తుంది. ముక్క వెడల్పే వేగం.

అయితే వెడల్పు స్థిరంగా ఉంచినంత మాత్రాన వేగం స్థిరంగా ఉండదు. ఎక్కుడు వస్తే తగ్గుతుంది, మలుపులో తగ్గుతుంది. అందుకని డీకోడర్ మధ్యమధ్య మోటారుకి కరెంటు ఆపి, తిరుగుతున్న మోటారు తానే పుట్టించే వోల్టేజీని కొలుస్తుంది. ఆ వోల్టేజీ వేగానికి అనులోమంగా ఉంటుంది. కావాల్సిన వేగం కన్నా తక్కువుంటే ముక్కల వెడల్పు పెంచుతుంది, ఎక్కువుంటే తగ్గిస్తుంది. ఇంజన్ ఏలో జరుగుతున్నది ఇదే. గేరు పట్టేసిన చోట మోటారు ఆగుతుంది, డీకోడర్ వెడల్పు పెంచుతూ పోతుంది, పట్టు విడిచే క్షణానికి అవసరానికి మించి పెంచేసి ఉంటుంది, ఇంజన్ దూకుతుంది. కెపాసిటర్ ఉంటే ఆ కొలతే తప్పుగా వస్తుంది, దాంతో దిద్దుబాటు కూడా తప్పుతుంది.

ఛాసీ, కెపాసిటర్ పని అయ్యాక సీవీ8లో 8 రాసి డీకోడర్‌ని ఫ్యాక్టరీ స్థితికి తెండి. అడ్రస్ 3 అవుతుంది. సీవీ3, సీవీ4 రెండూ తాత్కాలికంగా 0 చేయండి. ఇవి త్వరణం, మందనం. ఇవి ఉండగా ట్యూనింగ్ చేస్తే థ్రాటిల్‌కి వెంటనే స్పందన కనిపించదు, అసలు తేడా ఎక్కడుందో తెలియదు.

ఇప్పుడు ఆటో ట్యూన్. ఇంజన్‌ని పది నిమిషాలు నడిపి మోటారు వెచ్చబడ్డాక, ఎక్కుడు లేని తిన్నని 2 మీటర్ల పట్టా మీద వ్యాగన్లు లేకుండా ఆపండి. మెయిన్ లైన్ ప్రోగ్రామింగ్‌లో (ఇంజన్ లైను మీద ఉండగానే సీవీ రాసే పద్ధతి) సీవీ54కి 0 రాయండి, తర్వాత ఎఫ్1 నొక్కండి. ఇంజన్ ఒకటిన్నర సెకను పూర్తి వేగంతో పరుగెత్తి ఆగుతుంది, ఆ కొద్దిలో మోటారుని కొలిచి తగిన విలువలు తానే రాసుకుంటుంది. ముందు రెండు మీటర్లు ఖాళీగా లేకపోతే బల్ల మీంచి కింద పడుతుంది, చూసుకోండి.

పది ఇంజన్లలో తొమ్మిదింటికి అక్కడితో సరిపోతుంది. ఇంకా లోపం ఉంటే చేత్తో దిద్దాలి. మొదటి స్టెప్పులోనే వణుకు ఉంటే సీవీ52 కొద్దికొద్దిగా తగ్గించండి, నెమ్మది వేగాలకి దిద్దుబాటు ఎంత గట్టిగా ఉండాలో చెప్పేది అదే. మధ్య వేగాల్లో గుర్రపు నడక వస్తే సీవీ54 తగ్గించండి. సీవీ55 మోటారు జడత్వానికి సంబంధించింది. ఆగేముందు తడబడినా, నెమ్మదిలో ఎగిరినా 5 పెంచి చూడాలి. మీవి బరువైన ఇత్తడి ఫ్లైవీళ్ళు కాబట్టి మొదటి ప్రయత్నం 5 తగ్గించడం వైపు చేయండి. సీవీ53 పై కొసకి సంబంధించింది. థ్రాటిల్ చివరి మూడో వంతులో వేగం ఏమీ పెరగకపోతే 5 పెంచండి, ఇంజన్ అసలు పూర్తి వేగం అందుకోకపోతే 5 తగ్గించండి. ఒక్కసారికి ఒక్క సీవీ మాత్రమే, ముందున్న విలువ కాగితం మీద రాసుకుని. రెండు కలిపి మార్చితే ఏది పనిచేసిందో తేల్చలేరు.

గుత్తిషెడ్:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. ఏలో ముందు బోగీ మధ్య యాక్సిల్ గేరు చిట్లి ఉంది. కుదుపుల మధ్య దూరం కొలిస్తే సరిగ్గా మూడున్నర, నాలుగు సెం.మీ. మధ్యే వచ్చింది. గేరు మార్చాను, కెపాసిటర్లు రెండూ తీసేశాను. ఖాళీ కరెంటు 0.55 నుంచి 0.22కి దిగింది, స్టాల్ 1.1. ఆటో ట్యూన్ తర్వాత ఒకటో స్టెప్పులోనే కదులుతోంది. బీ లైటు సరైంది. మిగిలినవి రెండు: బీ పాయింట్ల మీద ఆగడం, రెండింటి వేగం కలపడం.

పదహారున్నర:

ముందు ఆగడం చూద్దాం. ఆరు యాక్సిళ్ళంటే పన్నెండు చక్రాలు, అన్నీ కరెంటు తేవాలి. మీటర్‌ని బీప్‌లో పెట్టి ఒక మొన సాకెట్ 8వ పిన్ను రంధ్రంలో, రెండోది కుడివైపు ఆరు చక్రాల మీద ఒక్కొక్కటిగా. అలాగే 4వ పిన్ను, ఎడమవైపు చక్రాలు. 8 ఎర్ర తీగ, 4 నల్ల తీగ. ఆరింటిలో రెండు పలకకపోయినా పాయింట్ మీద ఆగడానికి అది చాలు. వెనక తగిలే కంచు రేకులు వంగి ఉంటాయి, లేదా నల్లటి మసి పేరుకుని ఉంటుంది.

మసి తుడవడానికి గరుకు కాగితం వాడకండి. గీతలు పడి ఆ గీతల్లోనే మళ్ళీ మసి చేరుతుంది. ఐసోప్రొపైల్‌తో తుడిస్తే శుభ్రమవుతుంది గానీ కొద్ది రోజులకే మళ్ళీ నల్లబడుతుంది. చక్రం, పట్టా మధ్య సన్నటి నిప్పురవ్వలే ఆ నలుపుకి కారణం, వాసన తీసిన కిరోసిన్ లాంటి ద్రవంతో ఆఖరున ఒకసారి తుడిస్తే నలుపు ఆలస్యంగా వస్తుంది. కరెంటు ఆపి, కిటికీ తీసి, గుడ్డకి తడి మాత్రమే తగిలేలా వాడండి. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ఇత్తడి పట్టాలైతే ఈ పని తరచుగా చేయాల్సి వస్తుంది, నికెల్ సిల్వర్ పట్టాలు కొంత నయం.

పాయింట్ల ఫ్రాగ్ (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క) ప్లాస్టిక్‌దైతే ఆ పొడవున కరెంటుండదు. లోహపు ఫ్రాగ్ అయితే పాయింట్ మోటారు స్విచ్‌తో దానికి కరెంటివ్వండి. అది కుదరనప్పుడే కెపాసిటర్ గురించి ఆలోచించాలి.

ఫ్లక్స్‌లైన్:

కెపాసిటర్ లెక్క ఒకసారి వేసి చూపిస్తాను, చాలామంది ఇక్కడ ఆశకి పోతారు. డీకోడర్ లోపల 14 వోల్టులుంటాయనుకుందాం, 8కి పడేదాకా మోటారు నడుస్తుందనుకుందాం, కరెంటు 0.2 ఆంపియర్. 1000 మైక్రోఫారడ్ పెడితే వచ్చేది 30 మిల్లీసెకన్లు, అంటే 0.03 సెకను. 4700 పెడితే 0.14. మురికి మచ్చ దాటడానికి ఇది చాలు, పొడవైన ప్లాస్టిక్ ఫ్రాగ్‌కి చాలదు. 1 ఫారడ్, 2.7 వోల్టుల సూపర్ కెపాసిటర్లు ఆరు వరుసలో కడితే 0.167 ఫారడ్, 16.2 వోల్టులు. దాదాపు 5 సెకన్లు వస్తుంది. ఆరు యాక్సిళ్ళ బాడీలో ఆ స్థలం దొరుకుతుంది.

కనెక్షన్: ప్లస్ వైపు డీకోడర్ నీలం తీగకి, మైనస్ వైపు డీకోడర్ గ్రౌండ్‌కి. నల్ల తీగకి కాదు, నల్ల తీగ పట్టా. 8 పిన్నుల ప్లగ్‌లో గ్రౌండ్ బయటికి రాదు, బోర్డు మీద సోల్డర్ చేయాలి, ఎక్కడన్నది మాన్యువల్ బొమ్మలో చూడండి. నేరుగా కలిపితే ఖాళీ కెపాసిటర్ షార్ట్ లాంటిదే, బూస్టర్ (పట్టాలకి డీసీసీ కరెంటిచ్చే పెట్టె) ట్రిప్పవుతుంది. వరుసలో 100 ఓమ్‌ల రెసిస్టర్, దానికి సమాంతరంగా 1ఎన్4001 డయోడ్, గీత ఉన్న కొస నీలం తీగ వైపు. నిండేటప్పుడు కరెంటు రెసిస్టర్ గుండా నెమ్మదిగా పోతుంది, అవసరమైనప్పుడు డయోడ్ గుండా వెంటనే వస్తుంది. మామూలు కెపాసిటర్‌కి పావు వాట్ రెసిస్టర్ చాలు, 1000 మైక్రోఫారడ్‌ది అర సెకనులోపే నిండుతుంది. సూపర్ కెపాసిటర్లకి నిండడానికి 50 సెకన్ల దాకా పడుతుంది, మొదట్లో రెసిస్టర్ మీద 2 వాట్లు పడతాయి, పావు వాట్‌ది మాడి పక్కనున్న ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. 2 వాట్లదే పెట్టండి. మామూలు కెపాసిటర్ వోల్టేజీ 25 తీసుకోండి, 16ది పెడితే పట్టా వోల్టేజీ కాస్త పెరిగినా ఉబ్బుతుంది.

కెపాసిటర్ ఉంటే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద సీవీలు చదవడం తరచు విఫలమవుతుంది. డీకోడర్ జవాబు చెప్పే పద్ధతి మోటారుని క్షణం పాటు లాగడం, కనీసం 60 మిల్లీఆంపియర్ అదనపు కరెంటు 6 మిల్లీసెకన్లు. నిండుతున్న కెపాసిటర్ కరెంటులో ఆ చిన్న గుర్తు కలిసిపోతుంది. మధ్యలో చిన్న స్విచ్ పెట్టండి, లేదా సీవీల పనంతా అయ్యాక కెపాసిటర్ కలపండి.

సీవీ29 గురించి ఇంకో మాట. మీది డీసీసీ మాత్రమే అయితే 6 కాకుండా 2 రాయండి. 4 అనేది డీసీ మీద కూడా నడవడానికి అనుమతి. ఆ అనుమతి ఉంటే, షార్ట్ తర్వాత సిగ్నల్ ఒక క్షణం పోయినప్పుడు డీకోడర్ ఇది డీసీ లైను అనుకుని పూర్తి వేగంతో బయల్దేరవచ్చు. కెపాసిటర్ ఉన్న ఇంజన్‌లో అది ఇంకా ప్రమాదం, సిగ్నల్ లేకపోయినా పరుగెత్తడానికి శక్తి ఉంటుంది.

లూప్‌లైన్:

రెండు ఇంజన్ల జత గురించి. బ్యాక్ ఈఎంఎఫ్ ఉన్న రెండు ఇంజన్లు కలిస్తే ఒక్కోటీ తన వేగమే సరైనదని పట్టుబడుతుంది. వెనకది నెమ్మదైతే ముందుది లాగే కొద్దీ అది కరెంటు తగ్గించుకుంటుంది, ముందుది పెంచుకుంటుంది. చక్రాలు జారతాయి, తేలిక వ్యాగన్లుంటే మలుపులో లోపలికి పడతాయి. సీవీ56తో నియంత్రణ బలం తగ్గించి సరిపెట్టమని కొందరంటారు. నా అభిప్రాయంలో అది రోగాన్ని కప్పడమే. వేగాలు కలపండి, సీవీ56 255 దగ్గరే ఉండనివ్వండి.

ముందు అసలు వేగం ఎంతుండాలో తేల్చుకోండి. హెచ్‌ఓలో గంటకి కి.మీ. కావాలంటే 313ని పట్టా పొడవు మీటర్లతో గుణించి సెకన్లతో భాగించండి. 2 మీటర్ల గుర్తులు పెట్టుకుంటే 626 భాగించు సెకన్లు. డబ్ల్యూడీఎం-3ఏ గరిష్ట వేగం 120, అంటే 2 మీటర్లు 5.2 సెకన్లలో. గూడ్స్‌కి 60 అనుకుంటే 10.4 సెకన్లు. చాలా ఛాసీలు పూర్తి థ్రాటిల్‌లో దీనికి ఎంతో మించి పోతాయి, అప్పుడు 128 స్టెప్పుల్లో సగం ఎందుకూ పనికిరావు. సీవీ5 తగ్గించి పూర్తి థ్రాటిల్‌కి 120 వచ్చేలా చేస్తే నెమ్మది వేగాలకి ఎక్కువ స్టెప్పులు దక్కుతాయి, నడిపే చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

రెండు ఇంజన్లనూ ముందుకి పావుగంట, వెనక్కి పావుగంట నడిపి వెచ్చచేయండి. చల్లటి మోటారు మీద తీసిన అంకెలు అరగంట తర్వాత చెల్లవు. ఎప్పుడూ జోరుగా పోయేదాన్ని నెమ్మదిదానికి తగ్గించాలి, ఎందుకంటే నెమ్మదిది ఇచ్చేది అప్పటికే ఇచ్చేస్తోంది. గుండ్రటి లైను మీద రెండింటినీ ఎదురెదురు కొసల్లో పెట్టి, తాత్కాలికంగా ఒకే అడ్రస్ ఇచ్చి, ఒకే థ్రాటిల్‌తో వదలండి. మూడు చోట్ల కలపాలి. ఒకటో స్టెప్పు దగ్గర సీవీ2తో, చివర సీవీ5తో, ఆ తర్వాత మధ్యలో. సీవీ6 మధ్య వేగానికి, కానీ అన్ని డీకోడర్లలో అది ఉండదు. లేనిచోట సీవీ67 నుంచి 94 దాకా ఉన్న 28 గడుల పట్టిక. చాలా డీకోడర్లలో పట్టిక పనిచేయాలంటే సీవీ29కి 16 కలపాలి. లోక్‌పైలట్ 5లో మొదటి గడి 1, చివరి గడి 255 దగ్గర స్థిరంగా ఉంటాయి, సీవీ2, సీవీ5 ఆ గీతని కుదిస్తాయి, సాగదీస్తాయి. అందుకని కొసలు రెండూ ముందు సరిచేసుకున్నాకే మధ్య గడులు ముట్టుకోండి. కంప్యూటర్ కలపగలిగితే జేఎంఆర్‌ఐ సాఫ్ట్‌వేర్‌లోని డీకోడర్‌ప్రో ఉచితం, 28 గడులూ జారుడు మీటల్లా కనిపిస్తాయి, గీతని నున్నగా చేయొచ్చు.

ఒక రౌండ్ తిరిగొచ్చేసరికి మధ్య దూరం బెత్తెడు లోపు మారితే చాలు, అంతకన్నా దగ్గరికి తేవడానికి గంటలు పెట్టకండి. కప్లింగుల్లోని లూజు దాన్ని మింగేస్తుంది. ముందుకి కలిసి వెనక్కి కలవకపోతే పట్టికని ముట్టుకోవద్దు. సీవీ66 ముందుకి, సీవీ95 వెనక్కి. 128 అంటే ఉన్నదున్నట్టు, 120 అంటే 128లో 120 వంతులు. డబ్ల్యూడీఎం-3ఏ జత తరచు వీపు వీపు ఆనించి నడుస్తుంది కాబట్టి మీకిది అవసరమే. బీ వెనక్కి పరుగెత్తే వేగం ఏ ముందుకి పరుగెత్తే వేగంతో కలవాలి.

అయ్యాక అడ్రస్‌లు వేరుచేసి సీవీ19లో జత సంఖ్య రాయండి. 50 అనుకుంటే ఏలో 50, తిరగేసి ఉన్న బీలో 50కి 128 కలిపి 178. ఆ పైన సీవీ3, సీవీ4 రెండిట్లోనూ ఒకే విలువ. డీసీసీ ప్రమాణం ప్రకారం ఒక్కో అంకె పూర్తి వేగానికి 0.896 సెకను, లోక్‌పైలట్ 5లో 0.25 సెకను. అంటే ఇందులో 40 రాస్తే 10 సెకన్లు. వేర్వేరు తయారీ డీకోడర్లు జతకట్టేటప్పుడు ఒకే అంకె రాసి ఎందుకు కలవలేదని వెతికేవాళ్ళు ఇది చూసుకోవాలి.

బల్లచివర:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకున్నది ఒక్క ఇంజన్, చిన్న లూప్. డీసీసీ కొనే ఆలోచన లేదు. ఎల్‌ఎం317 (వోల్టేజీ రెగ్యులేటర్ చిప్)తో కంట్రోలర్ చేసుకుంటే నెమ్మది వేగం వస్తుందా? ఆర్డుయినో నానో (ప్రోగ్రామ్ రాసుకునే చిన్న బోర్డు) ఒకటి ఊరికే పడి ఉంది.

ఫ్లక్స్‌లైన్:

ఎల్‌ఎం317 పనిచేస్తుంది గానీ రెండు ఇబ్బందులు. అవుట్‌పుట్ 1.25 వోల్టుల కన్నా కిందికి రాదు, పూర్తిగా ఆపడానికి వేరే స్విచ్ కావాలి. ఇంకా, 15 వోల్టుల నుంచి 3కి దించి 0.5 ఆంపియర్ ఇస్తుంటే 6 వాట్లు వేడిగా పోతాయి, మంచి హీట్‌సింక్ తప్పదు. నానో ఉంది కదా, పీడబ్ల్యూఎం (కరెంటుని ముక్కలుగా ఇచ్చే పద్ధతి) చేసుకోండి.

కావాల్సినవి 12 వోల్టులు 2 ఆంపియర్ అడాప్టర్, డీఆర్‌వీ8871 మోటారు డ్రైవర్ బోర్డు, 10 కిలో ఓమ్‌ల లీనియర్ పాట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్), మధ్యలో ఆఫ్ ఉన్న స్విచ్. పాత ల్యాప్‌టాప్ అడాప్టర్ పెట్టకండి, అవి 19 వోల్టులు. ఎల్298 బోర్డు చవగ్గా దొరుకుతుంది గానీ 1 ఆంపియర్ దగ్గర 2 వోల్టులకి పైగా అదే మింగేస్తుంది. డీఆర్‌వీ8871లో కరెంటు పరిమితి ఒక రెసిస్టర్‌తో వస్తుంది, 64ని కిలో ఓమ్‌లతో భాగిస్తే ఆంపియర్లు. 43 కిలో ఓమ్ పెడితే దాదాపు 1.5, ఇంజన్ పట్టా దిగి షార్టయినా అంతకు మించి పోదు.

నానో 9, 10 పిన్నులు డ్రైవర్ రెండు ఇన్‌పుట్‌లకి. ఒకటి పీడబ్ల్యూఎం, రెండోది సున్నా. దిశ మార్చితే తారుమారు. ఈ పిన్నుల సహజ వేగం 490 హెర్ట్జ్, మోటారు ఈలవేస్తుంది. టైమర్ 1 ప్రీస్కేలర్‌ని 1 చేస్తే 31 కిలోహెర్ట్జ్ దాటుతుంది, చెవికి వినబడదు, మోటారు చల్లగా ఉంటుంది. కాకపోతే పాత ఇనుప కోర్ మోటార్లు తక్కువ ఫ్రీక్వెన్సీలో మెరుగ్గా కదులుతాయి, ప్రతి ముక్కా చిన్న తోపులా పనిచేస్తుంది కాబట్టి. అందుకని మొదటి పదో వంతు థ్రాటిల్ దాకా 100 హెర్ట్జ్, ఆపైన 31 కిలోహెర్ట్జ్ అని రాసుకోవచ్చు. కోర్‌లెస్ మోటారైతే మాత్రం ఆ 100 హెర్ట్జ్ అస్సలు వద్దు, తీగచుట్ట సన్నం, దానికి వేడిని దాచుకునే ఇనుము లేదు, కాలిపోతుంది. డీసీ ఇంజన్‌ని డీసీసీ లైను మీద పెట్టొద్దనేదీ మోటారు వేడెక్కుతుందనే.

పాట్ నుంచి వచ్చే అంకె 20 లోపుంటే సున్నాగా తీసుకోండి, లేకపోతే ఇంజన్ ఆగినట్టుంటూ కూస్తూనే ఉంటుంది. ఆ పైన మీ ఇంజన్ కదలడం మొదలుపెట్టే విలువ ఎంతో చూసి అక్కణ్నుంచి 255 దాకా పరచండి. అసలు విలువని పాట్ చెప్పిన విలువ వైపు ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒక్కొక్కటి జరిపితే సున్నా నుంచి పూర్తి వేగానికి 5 సెకన్లు, బరువున్న ఇంజన్‌లా కదులుతుంది. దిశ స్విచ్ మార్చినప్పుడు ముందు సున్నాకి దిగి, అప్పుడే తిరగబడాలి. ఇది మరిచిపోతే గేర్లు పళ్ళు రాలుస్తాయి.

పదహారున్నర:

గుత్తిషెడ్ గారూ, జత నడిపేముందు ఒక్క పరీక్ష. లైను పొడవునా, ప్రతి సైడింగ్ చివరా అయిదు రూపాయల బిళ్ళ రెండు పట్టాల మీద అడ్డంగా పెట్టండి. బూస్టర్ వెంటనే ట్రిప్పవ్వాలి. ఎక్కడైనా ట్రిప్పవకుండా బిళ్ళ వేడెక్కుతుంటే అక్కడ తీగ సన్నగా ఉంది, కింద బస్ వైరు 1.5 చ.మి.మీ., పట్టాకి దిగే తీగలు 0.5 చ.మి.మీ. చేసి మీటరుకొకటి ఇవ్వండి. రెండు ఇంజన్లు కలిసి పట్టా దిగినప్పుడు ఆ షార్ట్ కరెంటంతా పోయేది బోగీల సన్నటి తీగల గుండానే.

గుత్తిషెడ్:

బిళ్ళ రెండు సైడింగుల్లో ట్రిప్పవలేదు, తీగలు మార్చాను. బీలో ఎడమవైపు రెండు చక్రాలకి రేకులు తగలడం లేదు, వంచి సరిచేశాక పాయింట్లు దాటుతోంది, కెపాసిటర్ అవసరం పడలేదు. పూర్తి థ్రాటిల్‌లో ఏ 2 మీటర్లకి 3.4 సెకన్లు, బీ 3.1. సీవీ5 ఏలో 165, బీలో 150 దగ్గర రెండూ 5.2కి వచ్చాయి. వెనక్కి మాత్రం బీ కొద్దిగా జోరు, సీవీ95ని 122 చేస్తే కలిసింది. ఇప్పుడు మధ్య గడులు మొదలుపెడతాను.

లూప్‌లైన్:

బాగుంది. 14వ గడి దగ్గర మొదలుపెట్టి రెండు వైపులా నున్నగా కలుపుకుంటూ వెళ్ళండి. మధ్యలో ఒక్క గడి ఎత్తుగా మిగిలినా ఆ స్టెప్పు దగ్గర జత ఒకసారి కుదుపుతుంది.